శ్రీరామరాజ్యం: లవకుశుల బాల్యం, ధర్మం

శ్రీరామరాజ్యం బాపు దర్శకత్వంలో, ముళ్లపూడి వెంకటరమణ మాటలతో, ఇళయరాజా సంగీతంతో రూపొంది 2011 నవంబర్ 17న విడుదలైన తెలుగు పౌరాణిక చిత్రం. యలమంచిలి సాయిబాబు నిర్మించిన ఈ చిత్రంలో రాముడిగా బాలకృష్ణ, సీతగా నయనతార, వాల్మీకిగా అక్కినేని నాగేశ్వరరావు, లక్ష్మణుడిగా శ్రీకాంత్ నటించగా, లవకుశుల పాత్రలను ధనుష్ కుమార్, గౌరవ్ అనే బాలనటులు ధరించారు. పట్టాభిషేకం తరువాతి వృత్తాంతాన్ని చెప్పే రామాయణ భాగమైన ఉత్తరకాండ ఈ చిత్రానికి మూలం. అప్పటికే లోకమంతా ఎరిగిన మహావీరుని కథకు ఇది కొనసాగింపే అయినా, ఇందులో కథాభారం తండ్రి భుజాల మీదినుంచి కౌమారంలోకి ఇంకా పూర్తిగా అడుగుపెట్టని ఇద్దరు కుమారుల మీదికి మారుతుంది.

ఈ చిత్రానికి భద్రాచలంతో ప్రత్యక్ష సంబంధం ఉంది. అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉన్న ఆ క్షేత్రంలోనే 2011 ఆగస్టు 15న పాటల విడుదల ఉత్సవం జరిగింది. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, కట్టించిన ఆలయం చుట్టూ ఉన్న గోదావరి అడవులను స్థానికులు రామాయణంలోని వనవాస భూమిగా భావిస్తారు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న పర్ణశాల వద్ద సీతమ్మ నారచీరలు ఆరవేసిన గుర్తులంటూ రాళ్లపై చారలను చూపుతారు. భద్రాచలం దగ్గరలోని ఏటపాకను జటాయువు రావణుని ఎదిరించి నేలకొరిగిన చోటుగా చెబుతారు. ఈ అడవుల జ్ఞాపకంలో నిలిచింది అరణ్యకాండ, అంటే సీతను కోల్పోయిన కథ. ఆమెను రాముడే తిరిగి అడవికి పంపిన తరువాతి కథను వాల్మీకి ఆశ్రమానికి, తమసానదీ తీరానికి ముడిపెట్టడం సంప్రదాయం. పూర్వకథ జరిగిందని జనం నమ్మే చోట ఉత్తరకథ పాటలను వినిపించడం సముచితమైన నిర్ణయం. బాపు రమణలకు ఈ గోదావరి దారి కొత్తదీ కాదు. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలో సాగే ప్రయాణాన్నే కథగా అల్లుకొని వారు 1973లో అందాల రాముడు తీశారు.

లోకాపవాదానికి తలవంచిన రాముని ఆజ్ఞతో లక్ష్మణుడు గర్భవతియైన సీతను అడవిలో విడిచిపెట్టగా, వాల్మీకి ఆమెకు లోకపావని అని పేరు మార్చి తన ఆశ్రమంలో ఆశ్రయమిస్తాడు. అక్కడ పుట్టిన కవలలకు తామెవరి బిడ్డలో తెలియదు. ఆటపాటలతో, వేదపాఠాలతో, విలువిద్యతో గడిచే వారి బాల్యంలోకి మూడు కర్తవ్యాలు ఒకదాని వెంట ఒకటి ప్రవేశిస్తాయి. రామకథను గానం చేసి లోకంలో వ్యాపింపజేయాలన్నది గురువు అప్పగించిన బాధ్యత. రాముని పల్లెత్తు మాట అనకూడదన్నది తల్లి మాట. అశ్వమేధయాగపు గుర్రం నుదుటి ఫలకంపై ఉన్న సవాలుకు బదులివ్వడం వారు నేర్చిన విలువిద్య అడిగే ధర్మం. తాము అంత భక్తితో కీర్తించిన రాజే నిరపరాధియైన భార్యను అడవులపాలు చేశాడని అయోధ్యలో తెలిసినప్పుడు ఈ మూడింటికీ పొంతన కుదరదు. చిత్రంలో అత్యంత బలమైన ఘట్టం యుద్ధం కాదు, అయోధ్య నుంచి తిరిగివచ్చిన పిల్లలు ఆదర్శం చెదిరిన కోపంతో తల్లి ఎదుట నిలబడే సన్నివేశం. ఎదుట ఉన్న తల్లే ఆ సీత అని వారికి తెలియదు, తెలిసిన ఆమె చెప్పలేదు.

గుర్రాన్ని కట్టివేసి, లక్ష్మణుని ఓడించి, చివరకు తండ్రితోనే తలపడే యుద్ధఘట్టం వాల్మీకి ఉత్తరకాండలో లేదు. అక్కడ కుమారులు యాగశాలకు వచ్చి కావ్యగానం మాత్రమే చేస్తారు. తండ్రీకొడుకుల పోరు తరువాతి గ్రంథాల ద్వారా, నాటకాల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. తెలుగువారి మనసులో దాన్ని స్థిరపరచిన ఘనత మాత్రం సినిమాదే. సి. పుల్లయ్య 1934లో తీసిన లవకుశ ఒక తరాన్ని ఆకట్టుకోగా, ఆయనే ప్రారంభించి కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేసిన 1963 నాటి లవకుశ పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రాల్లో మొదటిదిగా చరిత్రకెక్కింది. ఎన్.టి. రామారావు, అంజలీదేవి సీతారాములుగా, నాగరాజు, సుబ్రహ్మణ్యం కవలలుగా నటించిన ఆ చిత్రంలో బాలుర గాత్రాలు పి. లీల, పి. సుశీలలవి, సంగీతం ఘంటసాలది. అందులో వాల్మీకిగా కనిపించిన చిత్తూరు నాగయ్య మరుసటి సంవత్సరమే భద్రాచల రామదాసు కథను తన దర్శకత్వంలోనే తెరకెక్కించి, టైటిల్ పాత్ర తానే ధరించారు.

బాపు చిత్రం 1963 నాటి చిత్రం అడుగుజాడల్లోనే నడిచినా ఒక చక్కని కల్పనను చేర్చుకుంది. సీత సేవకోసం హనుమంతుడు బాలరాజు అనే చిన్న అడవి పిల్లవాడి రూపంలో ఆశ్రమానికి వస్తాడు. రాజ్యం వెలివేసిన తల్లికి అడవి తోడుగా నిలిచిందన్న భావం దీనితో ఉపన్యాసం లేకుండానే అందుతుంది. శబరిని తమ ఆడపడుచుగా తలచుకునే కోయగూడేలు భద్రాచలం చుట్టూ ఉన్నందున, ఇక్కడి ప్రేక్షకులకు ఈ పాత్ర మరింత దగ్గరగా తోస్తుంది.

అతిమానుష శక్తి గల బాలుడు కర్తవ్యానికీ వయసుకూ మధ్య నలిగిపోవడం నేటి సూపర్‌హీరో చిత్రాలకు ప్రధాన వస్తువు. తెలుగులోకి కూడా అనువాదమైన 2019 నాటి స్పైడర్‌మ్యాన్: ఫార్ ఫ్రమ్ హోమ్ చిత్రంలో పీటర్ పార్కర్ తోటి విద్యార్థులతో యూరప్ విహారయాత్రకు వెళ్లి, కొన్నాళ్లైనా బాధ్యతకు దూరంగా ఉండాలనుకుంటాడు. అతడికి తన శక్తి తెలుసు, దాన్ని పక్కన పెట్టాలని ఉంటుంది. లవకుశులకు శక్తిని దాచుకోవాలన్న ఆలోచనే లేదు, తెలియనిది తమ పుట్టుక. అందువల్ల పీటర్ సంఘర్షణ తనతో తనకు జరిగేది కాగా, లవకుశులది పెద్దల తప్పును పిల్లలు నిలదీసే సంఘర్షణ. రెండవదే నైతికంగా లోతైనది.

శ్రీరామరాజ్యంలోని యుద్ధదృశ్యాలకు ఆశ్రమ దృశ్యాలకున్నంత పట్టు లేదు. చిత్రకారుడైన బాపు కుంచెపనితనం పర్ణశాలల్లో, పిల్లల నడకల్లో, సీత ముఖంలో కనిపించినంతగా బాణాల వర్షంలో కనిపించదు. జొన్నవిత్తుల సాహిత్యానికి ఇళయరాజా కూర్చిన బాణీలు ఆ లోటును చాలావరకు పూడ్చాయి. ఉత్తమ చిత్రంగా బంగారు నందితో పాటు నయనతారకు, ఇళయరాజాకు కూడా 2011 నంది పురస్కారాలు లభించాయి. ముళ్లపూడి వెంకటరమణ చిత్రం విడుదల కాకముందే, 2011 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. 2014 ఆగస్టు 31న మరణించిన బాపుకు దర్శకుడిగా ఇదే చివరి చిత్రం.