భాత్‌ఖండే పండితుని లక్షణగీతములు

విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860–1936) వృత్తిచే న్యాయవాది. ఆయన కాలమున హిందుస్థానీ బందిషులు ఘరానాల సొత్తు. ఉస్తాదులు వానిని ఇతరులకు సులభముగా నేర్పెడివారు కారు. ఆయన వానిని సేకరించి స్వరలిపిలో నిలిపెను. అవి 'క్రమిక్ పుస్తక్ మాలిక'గా ఆరు భాగములలో వెలువడినవి.

1904లో దక్షిణయాత్ర చేసి, ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులను కలసికొనెను. దీక్షితుల తెలుగు గ్రంథము 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడినదియు ఆ యేడే. వేంకటమఖి 72 మేళముల పద్ధతిని పరిశీలించి, ఉత్తరాది రాగములను 10 థాట్‌లుగా విభజించెను.

'చతుర' ముద్రతో ఆయన రచించిన లక్షణగీతములలో రాగలక్షణమే సాహిత్యము; వాది, సంవాది, వర్జ్యస్వరములను విద్యార్థి పాడుచునే గ్రహించును. గమకముల సూక్ష్మత లిపికి లొంగదను ఆక్షేపణ సత్యమే. అయినను గురువు దొరకని వానికి ఆ లిపియే ద్వారమైనది. 1926లో ఆయన పూనికతో లక్నోలో నెలకొన్న సంగీత కళాశాల ఆ ద్వారమును ఘరానాలకు వెలుపలివారికిని తెరచెను.