భారతదేశంలో వృద్ధాప్య, వైకల్య పింఛన్లు – చారిత్రక పరిణామం

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ‘పింఛను’ అనే ఒక్క మాట వెనుక ఉన్న మూడు వేర్వేరు వ్యవస్థలను గుర్తించగలుగుతారు.
• అవి ఏర్పడిన చారిత్రక పరిస్థితులను వివరించగలుగుతారు.
• ఆ తేడాలను మీ ఇంటి పెద్దలకు అర్థమయ్యేలా చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీ ఊరి రచ్చబండ దగ్గర ముగ్గురు వృద్ధులు కూర్చున్నారనుకోండి. ఒకరు రిటైరైన ఉపాధ్యాయుడు. ఒకరు నూలు మిల్లులో పనిచేసి మానేసినవారు. మూడో ఆమె జీవితమంతా కూలి చేసినవారు. ముగ్గురూ ‘పింఛను’ అనే అంటారు. కాని డబ్బు వచ్చే దారి, అడగవలసిన కార్యాలయం, వర్తించే నిబంధనలు ముగ్గురికీ వేర్వేరు. ఈ సంగతి తెలియక తమకు సంబంధం లేని కార్యాలయాల చుట్టూ తిరిగే పెద్దలు ఎందరో ఉన్నారు. ఈ తేడా ఎలా వచ్చిందో చరిత్ర చెబుతుంది.

2. ప్రభుత్వోద్యోగుల పింఛను

వలస పాలనలో పింఛను పాలకుల అనుగ్రహం. 1871 పింఛన్ల చట్టం 4వ సెక్షన్ ప్రకారం పింఛను కోసం సివిల్ కోర్టులో దావా వేయడానికి సాధారణంగా వీలులేదు, కలెక్టరుకు విన్నవించుకోవాలి. అదే చట్టంలోని 11వ సెక్షన్ మాత్రం అప్పులవాళ్లు పింఛనును జప్తు చేయించకుండా అడ్డుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పింఛనుదారుకు రక్షణ ఉంది, హక్కు లేదు.

స్వాతంత్ర్యానంతరం ఈ దృక్పథం మారింది. పింఛను ప్రభుత్వ దానం కాదని దేవకీనందన్ ప్రసాద్ కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి మెరుగైన పింఛను లెక్క వర్తించదన్న నిబంధనను డి.ఎస్. నకారా కేసులో 1982 డిసెంబరు 17న రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. పింఛను గతంలో చేసిన సేవకు ప్రతిఫలమని స్పష్టం చేసింది. అందుకే పింఛనుదారులు ఆ తేదీని తమ దినంగా జరుపుకుంటారు.

3. కార్మికుల పింఛను

1923 కార్మికుల నష్టపరిహార చట్టం పనిలో గాయపడినవారికి యజమాని పరిహారం చెల్లించాలని నిర్దేశించింది. 1948 ఉద్యోగుల రాజ్య బీమా చట్టం ఆ భారాన్ని బీమా పద్ధతిలోకి తెచ్చింది. 1952 భవిష్యనిధి చట్టం వృద్ధాప్యానికి పొదుపును ఏర్పరచింది. అయితే అది ఒకేసారి చేతికొచ్చే మొత్తం. పెళ్లిళ్లకో, అప్పులకో ఖర్చయిపోతే నెలనెలా ఆధారం ఉండదు. ఆ లోటు తీర్చడానికి 1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి. ఈ పథకంలో యజమాని వాటా నుంచి 8.33 శాతం, పరిమితికి లోబడి, పింఛను నిధికి వెళుతుంది. కార్మికుని వాటా భవిష్యనిధి ఖాతాలోనే ఉంటుంది. కాబట్టి 10 ఏళ్ల అర్హత సర్వీసు నిండినవారు భవిష్యనిధి సొమ్ము తీసుకున్నా పింఛను అర్హత పోదు. “పీఎఫ్ ఎప్పుడో తీసేసుకున్నాను, నాకింకేముంటుంది?” అనే మిల్లు కార్మికునికి ఈ ఒక్క వాక్యం విలువైనది.

4. పేదల పింఛను

యజమాని అంటూ లేని కూలీ సంగతేమిటి? వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యాలలో ప్రభుత్వ సహాయం గురించి రాజ్యాంగం 41వ అధికరణం చెబుతుంది. కాని అది ఆదేశిక సూత్రం; 37వ అధికరణం ప్రకారం దానిని కోర్టు ద్వారా అమలు చేయించలేం. ఉత్తరప్రదేశ్ 1957లో వృద్ధాప్య పింఛను ప్రారంభించింది. కేంద్ర పథకం 1995 ఆగస్టు 15న, 65 ఏళ్లు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలతో మొదలైంది. 2006లో ఇది 200 రూపాయలైంది. 2009లో వైకల్య పింఛను చేరింది. తెలంగాణలో 2014లో వచ్చిన ఆసరా, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛను, రాష్ట్రాలు తమ నిధులతో ఈ మొత్తాన్ని ఎంతగా పెంచాయో చూపుతాయి.

5. వైకల్యానికి రెండు కొలతలు

కార్మిక చట్టాలు సంపాదన శక్తి ఎంత తగ్గిందో చూస్తాయి. పేదల పథకాలు వైద్య ధ్రువపత్రంలోని వైకల్య శాతాన్ని చూస్తాయి. 2009 కేంద్ర పథకం తీవ్ర వైకల్యం, అంటే 80 శాతం, ఉన్నవారికి ఉద్దేశించినది. ఒక కార్యాలయంలో కాదన్న వ్యక్తికి మరొకచోట అర్హత ఉండవచ్చు. ఒక తిరస్కరణతో ఆగిపోవద్దని పెద్దలకు చెప్పండి.

6. సారాంశం

పింఛను గురించి పెద్దలు అడిగినప్పుడు ముందుగా మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి దగ్గర పనిచేశారు? ఎన్నేళ్లు చేశారు? జీతం నుంచి ఏమైనా కోత పడేదా? సమాధానాలను బట్టి అది సేవకు ప్రతిఫలమా, చందాకు ఫలమా, ప్రభుత్వ సహాయమా అన్నది తేలుతుంది. మొదటి రెండింటిని పెద్దలు తమ శ్రమతో సంపాదించుకున్నారు. మూడోదానికి అర్హత నిబంధనల ప్రకారం వస్తుంది. ఏ ఒక్కదానికీ చేతులు జోడించి బతిమాలవలసిన అవసరం లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1871 చట్టానికీ, 1982 తీర్పుకూ మధ్య పింఛను భావన ఎలా మారింది? మీకు తెలిసిన ఒక వృద్ధుని ఉదాహరణగా తీసుకుని, ఆయన పింఛను ఏ వర్గానికి చెందుతుందో వివరించండి.