మంచాలు ఖాళీ చేయించిన మద్రాసు పరిశోధన

క్షయ వచ్చినవాళ్లు ఇల్లు విడిచి వెళ్లాల్సిందేనని ఒకప్పుడు వైద్యులే గట్టిగా నమ్మారు. మంచిగాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచంమీద విశ్రాంతి. 19వ శతాబ్దంలో జర్మనీలో వేళ్లూనుకున్న ఈ పద్ధతి 1915 నాటికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియానికీ చేరింది. మందే లేని ఆ రోజుల్లో శానిటోరియాలు చేసిన సేవను చిన్నబుచ్చలేం. కానీ స్ట్రెప్టోమైసిన్, ఆపైన 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చాక కూడా రోగి ఆ మంచం దిగలేదు. ఆస్పత్రివాసం తగ్గించడానికి మందొక్కటే చాలలేదు. ఇంట్లో ఉన్నా నయమవుతుందని ఎవరో ఒకరు నిరూపించాల్సి వచ్చింది.

ఆ పని మద్రాసులో జరిగింది. భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో అక్కడ క్షయ కీమోథెరపీ కేంద్రం పెట్టాయి. బ్రిటిష్ వైద్యుడు వాలస్ ఫాక్స్ సారథ్యంలో నగరంలోని పేద రోగులను ఎంపికలో ఎవరి ఇష్టానికీ తావులేకుండా రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ ఏడాదిపాటు ఒకే మందులు: ఐసోనియాజిడ్, పాస్ (పారా-అమైనోసాలిసిలిక్ ఆమ్లం). శానిటోరియం జట్టుకు మంచి తిండి, విశ్రాంతి, నర్సుల సేవ దక్కాయి. ఇంటి జట్టుకు మిగిలినవి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినా ఏడాది చివర జబ్బు అణిగినవాళ్లు శానిటోరియంలో 92 శాతం, ఇళ్లలో 86 శాతం. ఐదేళ్లయ్యేసరికి ఆ కాస్త తేడా కూడా దాదాపు చెరిగిపోయింది.

మరి ఇంట్లో పిల్లలకు అంటుకోదా? అందరికీ కలిగిన ఈ భయం సహేతుకమైనదే. అందుకే కుటుంబసభ్యులనూ ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల వాళ్లలో జబ్బు పెరగలేదు. అంటుకోవడం చాలావరకు రోగం బయటపడకముందే జరిగిపోతుంది, మందు మొదలయ్యాక ఆ ముప్పు తగ్గిపోతుంది. చాలీచాలని తిండితోనూ నయమైందంటే అసలు తిండి అక్కర్లేదని కాదు. రోగి కుటుంబానికి పోషకాహారం అందిస్తే ఆ ఇంట్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గుతుందని ఝార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం 2023లో చూపింది. దానికీ ఆస్పత్రి మంచం అవసరం కాలేదు.

ఇంటికి పంపడమంటే వదిలించుకోవడమేనన్న ఆక్షేపణే నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది. మద్రాసులో సిబ్బంది చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్రపరీక్షలు చేశారు. ఇంటి వైద్యం నెగ్గింది ఈ కాపలాతోనే. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి వైద్యాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది గానీ ఆ కాపలాను అంత దూరం తీసుకెళ్లలేకపోయింది. సగం మంది రోగులు కూడా మందులు పూర్తిగా వాడడం లేదని ఆ కార్యక్రమంపై 1992లో జరిగిన సమీక్షలో తేలింది. ఆ తప్పు ఇంటిది కాదు, ఇంటి గడప దాకా రాని వ్యవస్థది.