తీగ నుంచి వజ్రం దాకా: కంపన శాస్త్రంలో ఆగిరిపల్లి భగవంతం

శబ్దానికీ వెలుగుకీ వేడికీ మూలం కంపనం. వీణ సారణి తీగ సెకనుకు సుమారు 150 సార్లు ఊగితే, పక్కనున్న గాలి అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఆ ఊగును చెవి దాకా మోసుకొస్తాయి. విద్యుదావేశమున్న కణం ఊగితే దాని చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రమే తరంగమై సాగుతుంది. ఆ ఊగు సెకనుకు 400 నుంచి 750 లక్షల కోట్ల సార్ల మధ్య ఉంటే కంటికి వెలుగుగా కనిపిస్తుంది. ఘనపదార్థంలో లెక్కకందనన్ని పరమాణువులు ఒక క్రమమంటూ లేకుండా ఊగుతుంటే, ఆ ఊగులలో దాగిన శక్తే వేడి. ఈ మూడింటినీ ఒకే లెక్కలోకి తేవడానికి వందేళ్ళకు పైగా పట్టింది. ఆ కృషిలో కొంత భాగం నూజివీడు మామిడితోటలకు ఆనుకుని ఉన్న ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం చేతుల మీదుగా సాగింది.

కథ తీగతో మొదలవుతుంది. బిగించిన తీగ మొత్తంగా ఊగుతూనే సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా కూడా ఊగుతుంది. నాదంలో వినిపించే అతిస్వరాలు వీటి నుంచే పుడతాయి. తీగను ఏ చోట మీటితే, ఆ చోట నిశ్చలంగా ఉండవలసిన అతిస్వరాలు వినపడకూడదని 1800 ప్రాంతంలో థామస్ యంగ్ చెప్పాడు. సరిగ్గా మధ్యలో మీటితే సగాలుగా, నాలుగో వంతులుగా ఊగడం వల్ల పుట్టేవి లోపించాలి. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ కూడా ఈ సూత్రాన్ని బలపరిచాడు. పియానో, వయొలిన్ వంటి వాద్యాలను ఎరిగిన యూరప్‌లో దీన్ని శంకించే అవసరం ఎవరికీ కలగలేదు.

కలకత్తాలో సి.వి. రామన్‌కు ఆ అవసరం కలిగింది. వీణ, తంబురాల మీద పరీక్షించి, ఉండకూడని అతిస్వరాలు వాటిలో బలంగా వినిపిస్తున్నాయని 1921లో ఆయన ప్రకటించాడు. కారణం తీగను మోసే గుర్రంలో (బ్రిడ్జిలో) ఉంది. వయొలిన్ గుర్రం అంచు సన్నగా ఉంటుంది కనుక తీగ అక్కడ ఒకే బిందువు దగ్గర ఆగిపోతుంది. వీణ గుర్రం మీది లోహపు పలక కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఊగే తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ ఉండడంతో దాని కొస ఒక చోట నిలవదు. యంగ్ సూత్రం కొస కదలదన్న ఊహ మీదే నిలబడింది కాబట్టి ఇక్కడ చెల్లలేదు. తంబురా గుర్రం మీద తీగ కింద దూర్చే దారం చేసే పని కూడా ఇదే. పనస కర్రతో వీణలు చేసే నూజివీడు పనివాళ్ళు కుండ, దండి, యాళి కుదిరాక గుర్రం మీది పలకను అరగదీసి సరిచేసేటప్పుడు చెవితో వెతికేది ఈ వంపునే. రామన్ దానికి భౌతికశాస్త్రంలో స్థానం కల్పించాడు. భారతీయ వాద్యాల మీద ఆయన చేసిన పనిని తర్వాతి రామన్ ఫలితపు ఆవిష్కరణకు ముందుమాటలా చూడడం అన్యాయం. అది తనంతట తాను నిలబడే శాస్త్రం.

వేడి విషయంలో చిక్కు వజ్రం దగ్గర వచ్చింది. ఘనమూలకాలన్నిటిలోనూ ఒక్కో పరమాణువుకు పట్టే వేడి దాదాపు సమానమని 1819లో డ్యూలాంగ్, పెటీ కనిపెట్టారు. చాలా లోహాలు ఆ మాట నిలబెట్టాయి. సాధారణ ఉష్ణోగ్రత దగ్గర వజ్రం మాత్రం రావలసినదానిలో నాలుగో వంతే చూపింది. దీనికి జవాబు 1907లో ఐన్‌స్టీన్ ఇచ్చాడు. కొలిమిలో కాలిన వస్తువుల కాంతిని వివరించడానికి 1900లో ప్లాంక్ శక్తిని క్వాంటాలనే విడి ముద్దలుగా విభజించాడు. ఆ ఊహనే ఐన్‌స్టీన్ పరమాణువుల ఊగుకు పట్టించాడు. వజ్రంలో కర్బన పరమాణువులు తేలికైనవి, వాటి బంధాలు చాలా గట్టివి. అందువల్ల అవి అతివేగంగా ఊగుతాయి, ఒక్కో క్వాంటం పెద్దదిగా ఉంటుంది. గది వేడిమికి అంత పెద్ద క్వాంటాన్ని అందించే బలం తరచుగా ఉండదు. అందుకే ఆ ఊగులు చాలావరకు మేలుకోవు. 1912లో డిబై దీనిని సరిదిద్దాడు. పరమాణువులు విడివిడిగా కాక కలిసి ఊగుతాయని, ఘనపదార్థంలోని వేడి అంటే అందులో తిరిగే అతిసూక్ష్మ ధ్వని తరంగాలేనని చూపాడు.

అయితే పరమాణువుల ఊగు వేగాన్ని నేరుగా చూసే సాధనం ఇంకా కావాలి. 1928 ఫిబ్రవరి 28న రామన్, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేస్తున్న ప్రయోగాలలో అది దొరికింది. ఒకే రంగు కాంతి పదార్థంలో చెదిరినప్పుడు కొంత కాంతి రంగు మారుతుంది, ఇదే రామన్ ఫలితం. అణువు ఊగుకు శక్తి ఇచ్చిన కాంతి ఎరుపు వైపు జరుగుతుంది, ఊగు నుంచి శక్తి తీసుకున్నది ఊదా వైపు జరుగుతుంది. ఆ జరుగుడును కొలిస్తే ఊగు వేగం తెలుస్తుంది.

భగవంతం రామన్ దగ్గరకు చేరింది ఆ ఏడాదే. 1909లో ఆగిరిపల్లిలో పుట్టి, గుడివాడలోనూ హైదరాబాద్ నిజాం కళాశాలలోనూ చదివి, కలకత్తా వెళ్ళేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. వజ్రపు రామన్ వర్ణపటం మీద 1930లో పనిచేసినవారిలో సి. రామస్వామితో పాటు ఆయన కూడా ఉన్నాడు. కొల్లూరు, పరిటాల గనుల కృష్ణాతీరం నుంచి వచ్చిన యువకుడికి వజ్రం తగిన విషయమే. పాదరస దీపపు 435.8 నానోమీటర్ల కాంతిని వజ్రం మీద వేస్తే 463 దగ్గర సన్నని కొత్త గీత కనిపిస్తుంది. దాని ప్రకారం వజ్రంలోని కర్బన పరమాణువులు సెకనుకు సుమారు 40 లక్షల కోట్ల సార్లు ఊగుతాయి. ఊదా వైపు గీత మాత్రం గది వేడిమిలో కొన్ని వందల రెట్లు బలహీనంగా ఉంటుంది. నిద్రపోతున్న ఊగు నుంచి కాంతికి శక్తి రాదు కదా. ఐన్‌స్టీన్ వేడి లెక్కలో చెప్పిన మాటనే ఇక్కడ కాంతి చెబుతుంది. 1931లో రామన్, భగవంతం కలిసి కాంతి కణానికి స్వభ్రమణం ఉందనడానికి ప్రయోగ నిదర్శనం చూపారు.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాక భగవంతం పని మరింత లోతుకు వెళ్ళింది. ఒక స్ఫటికంలో ఎన్ని రకాల ఊగులు సాధ్యం? వాటిలో ఏవి రామన్ గీతలుగా కనిపిస్తాయి, ఏవి పరారుణ కాంతిని పీల్చుకుంటాయి? స్ఫటిక సౌష్ఠవం తెలిస్తే చాలు, బలాల లెక్క లేకుండానే జవాబు చెప్పవచ్చని గణితజ్ఞుడు టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో చూపాడు. ఆ సౌష్ఠవపు గణితమైన సమూహ సిద్ధాంతం మీద వీరిద్దరి పుస్తకం 1948లో వచ్చింది. 1940లో వెలువడిన ఆయన కాంతి పరిక్షేపణ గ్రంథం కంటే దీని ప్రభావమే ఎక్కువ కాలం నిలిచిందనాలి. సౌష్ఠవాన్ని బట్టి ఊగులను లెక్కించే ఆ పద్ధతి వర్ణపట శాస్త్రంలో ఇప్పటికీ ఈ ఇద్దరి పేర్లతోనే చెలామణి అవుతోంది.

ఇక మిగిలింది ధ్వని. అతిధ్వని తరంగాలను స్ఫటికాలలోకి పంపి వాటి వేగాన్ని కొలిస్తే స్ఫటికం ఎంత గట్టిదో అంకెల్లో తెలుస్తుంది. వజ్రంలో ధ్వని సెకనుకు సుమారు 18 కిలోమీటర్లు పరుగెడుతుంది. గాలిలో దాని వేగం 340 మీటర్లే. భగవంతం, జె. భీమసేనాచార్ ఈ పద్ధతిలో వజ్రపు స్థితిస్థాపక గుణకాలను కొలిచి 1946లో ప్రచురించారు. డిబై లెక్కకు కావలసింది ఆ ధ్వని వేగమే. కాంతితో పట్టుకున్న ఊగు, ధ్వనితో కొలిచిన గట్టిదనం, వజ్రానికి పట్టే తక్కువ వేడి ఇలా ఒకదానితో ఒకటి సరిపోయాయి. అదే కాలంలో స్ఫటికంలోని ఊగులు కొన్నే ఉంటాయని రామన్, ఎడతెగని వరుసగా ఉంటాయని మాక్స్ బోర్న్ గట్టిగా వాదించుకున్నారు. తర్వాతి న్యూట్రాన్ ప్రయోగాలు బోర్న్ వైపు తేల్చాయి. భగవంతం ఆ తర్వాత ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా, రక్షణ శాఖ శాస్త్ర సలహాదారుగా పనిచేసి 1989లో కన్నుమూశాడు.

ఈ శాస్త్రం ఇప్పుడు మామిడికాయ దాకా వచ్చింది. నీరు, చక్కెర, పిండిపదార్థాలలో ఆక్సిజన్–హైడ్రోజన్ బంధాల అసలు ఊగు 3 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని పీలుస్తుంది. ఆ కాంతి తొక్క దాటి లోపలికి పోదు. కానీ తీగకున్నట్టే ఈ బంధాలకూ అతిస్వరాలున్నాయి. నీటిలో వాటిలో ఒకటి 970 నానోమీటర్ల దగ్గర పడుతుంది, ఆ కాంతి కండలోకి దిగగలదు. తిరిగొచ్చిన కాంతిని బట్టి కాయను కోయకుండానే దానిలో పొడిపదార్థం ఎంతుందో, అంటే పండాక ఎంత తియ్యనవుతుందో అంచనా వేసే చేతి పరికరాలు ఆస్ట్రేలియా మామిడితోటల్లో వాడుకలో ఉన్నాయి. తొక్క మందం, కండలోని పీచు రకాన్ని బట్టి మారతాయి కనుక రసాలకు, బంగినపల్లికి, కలెక్టరుకు ఆ లెక్కను వేరువేరుగా సరిచూసుకోవాలి.