పిల్లల ఎదుగుదల: కుటుంబ, సామాజిక పరిస్థితులు (తెలుగు రాష్ట్రాలు)

బిడ్డ ఎత్తు, బరువు, ఆరోగ్యం, చదువులో చురుకుదనం పుట్టుకతోనే తేలిపోయేవి కావు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండి, ఆమె చదువు, ఇంటి రాబడి, తాగునీరు, మరుగుదొడ్డి, కులం, కరువు అన్నీ వాటిపై ప్రభావం చూపుతాయి. ఊళ్లలో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనాలు తెలుగునాట ఈ సంగతిని స్పష్టం చేశాయి.

తొలి పరిశోధనలు

బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. పిల్లలు చిక్కిపోవడానికి మాంసకృత్తుల లోటే ప్రధాన కారణమని అప్పట్లో చాలా దేశాల నిపుణులు భావించేవారు. పేదింటి పిల్లలకు అసలు కడుపు నిండా తిండే లేదని, రోజూ తినే తిండే చాలినంత పెడితే మాంసకృత్తుల లోటు కూడా చాలావరకు తీరుతుందని సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ వాదించారు. ఈ వాదన చర్చను ఖరీదైన మాంసకృత్తుల పొడుల నుంచి ఇంటి పేదరికం వైపు మళ్లించింది. వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగ, బెల్లంతో సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ ఏ ఇంట్లోనైనా చేసుకోదగినది.

అంగన్‌వాడీ ఉప్మా

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలై, దశలవారీగా విస్తరించింది. 1987–90 మధ్య హైదరాబాదు సమీపంలోని 29 ఊళ్లలో పరిశీలన జరిగింది. పథకం అందిన ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ వండి పెట్టారు. తక్కిన ఊళ్లకు పథకం అప్పటికింకా రాలేదు. 2003–05లో, 13–18 ఏళ్ల వయసుకు వచ్చిన 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారిలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. ఊళ్లను లాటరీ పద్ధతిలో ఎంచలేదు కాబట్టి ఈ తేడా అంతా ఉప్మా వల్లేనని చెప్పలేం. అయినా, పసితనపు తిండికీ పెద్దయ్యాక వచ్చే మధుమేహం, గుండెజబ్బుల ముప్పుకూ సంబంధం ఉందనడానికి ఇది విలువైన ఆధారం.

కరువు, బడి భోజనం

2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను నమోదు చేస్తూ వచ్చింది. పేద కుటుంబాల్లో, చదువుకోని తల్లుల పిల్లల్లో ఎదుగుదల లోపం ఎక్కువని తేలింది. పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలు, బడిలో మధ్యాహ్న భోజనం తిన్నాక ఆ లోటును పూడ్చుకోగలిగారని ఈ సమాచారంతో జరిగిన పరిశోధన చూపింది. అంటే తొలి ఏళ్ల నష్టాన్ని తర్వాత కూడా కొంతమేర సరిదిద్దవచ్చు.

ప్రస్తుత స్థితి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. కారణాలూ, వాటికి విరుగుడూ తెలిసిన చోట ఇప్పటికీ దాదాపు ముగ్గురిలో ఒకరు ఎదగలేకపోవడం క్షమించరాని లోపం.