రాజప్రముఖ్ కాలం, ఖాస్రా పహాణీ

నిజాం ఎప్పుడు పోయాడని మా పెద్దవంగరలో ఏ పెద్దమనిషిని అడిగినా "పోలీసు యాక్షన్‌ల పోయిండు" అంటాడు. 1948 సెప్టెంబరు 17న లొంగిపోయిన మాట నిజమే, గద్దె మాత్రం దిగలేదు. మిలిటరీ గవర్నరు జె.ఎన్. చౌదరి పాలించిందీ నిజాం ఫర్మానా మీదనే. 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ఇంకో ఫర్మానా ఇచ్చి, 1950 జనవరి 26న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు. ఏటా 50 లక్షల రాజభరణం. సంతకం ఆయనది, నిర్ణయం మంత్రివర్గానిది. 1956 అక్టోబరు 31 దాకా ఇదే తీరు.

అదే ఫ్రాన్సులో 1791 రాజ్యాంగానికి ఇట్లాగే తలవంచిన 16వ లూయీ ఏడాది తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నాడు. జనం రాజభవనం మీదికే పోయారు. మన దిక్కు జనం పోయింది దొర గడి మీదికి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కాపాడుకున్నదీ ఆ దొర నుంచే. వెట్టి చేయించుకున్నవాడు, భూమి గుంజుకున్నవాడు కళ్ళెదుట ఉంటే హైదరాబాదులోని రాజు మీద ఎంత కోపం ఉంటుంది? యూనియన్ సైన్యం వచ్చాక రాజుకు మర్యాద దక్కింది, దొరల మీద లేచిన కమ్యూనిస్టు దళాలకు తూటాలు దక్కాయి. పారిపోయిన దొరలు చాలాచోట్ల ఆ సైన్యం వెనకే ఊళ్ళకు తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటం విరమించేదాకా అడవుల్లో వేట సాగింది.

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావు వచ్చాడు. నిన్నటిదాకా నిజాం మీద పోరాడినవాళ్ళు ఆయన రాజప్రముఖ్‌గా ఉన్న రాష్ట్రంలోనే శాసనసభలో కూచున్నారు. బజారులో నిజాం నాణెం హాలీ సిక్కా ఇంకా నడుస్తూనే ఉంది: ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు భారతీయ రూపాయలు.

ఆ కాలం ఊళ్ళకు మిగిల్చింది భూమి కాగితం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదారు అనే హక్కు వచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, కబ్జాలో ఉన్నవాడి పేరు ఇంకో కాలమ్‌లో. ఈనాటికీ గట్టు పంచాయితీ ముదిరితే తహసీలు ఆఫీసులో మొదట అడిగేది దాని నకలే.

2016లో మండల కేంద్రమైన మా పెద్దవంగరకు ఇంకా సరైన చరిత్ర పుస్తకం రావాలి. రాసేవాళ్ళు 1948 దగ్గర ఆగకుండా ఆ పహాణీ దాకా రావాలి. సర్వే నంబరు వారీగా పట్టా ఎవరిదో, సాగు ఎవరిదో రాసిపెడితే, ఆ సాయుధ పోరాటంలో పేదలకు పంచిన భూమి ఎవరి చేతిలో నిలిచిందో, ఎవరి చేతికి తిరిగిపోయిందో తేలుతుంది.