రెండు వంతెనలు

విరోధులను ఒకచోటికి రప్పించుట మధ్యవర్తికి సగము పని మాత్రమే. మాట మీరి చేయి లేచినచో, రప్పించుటయే అనర్థమగును. మన పల్లెలలో తగవు తీర్చు పెద్దమనుష్యులకు ఈ భయము తెలియనిది కాదు. ఫ్రాన్సు దేశమున దీనివలన ఒక రాజ్యమే తలక్రిందులైనది.

1419లో ఇంగ్లాండు రాజు 5వ హెన్రీ నార్మండీని ఆక్రమించియుండెను. యువరాజు చార్లెసునకును, బర్గండీ ప్రభువు జానునకును వైరము తీరినగాని దేశము దక్కదని తలచి, జూలైలో వారిచే ఒడంబడిక చేయించిరి. సెప్టెంబరు 10న మాంటెరో పట్టణపు వంతెనపై మరల కలియుటకు నిశ్చయమైనది. జాగ్రత్తలకు కొదువ లేదు. వంతెనపై కొయ్యలతో ఆవరణము కట్టిరి. ఒక్కొక్కరి వెంట పదుగురే. అందరును ప్రమాణములు చేసిరి. కాని నడుములకు కత్తులుండెను! జాను ప్రభువు యువరాజు ముందు మోకరిల్లెను. అంతలో మాట పెరిగెను. ప్రభువు కత్తిపిడిపై చేయి వేసెనని ఒక పక్షమువారు, ముందే పన్నిన కుట్రయని రెండవవారు చెప్పిరి. ఏది నిజమైనను, ప్రభువు గొడ్డలి దెబ్బకు కూలెను. ఆతని కుమారుడు ఫిలిప్పు ఆంగ్లేయుల పక్షము చేరెను. 1420లో ట్రువా నగరపు ఒడంబడికచే చార్లెసు వారసత్వమునే కోల్పోయెను.

తరువాత రాజ్యమును మరల గెలుచుకొన్న ఆ చార్లెసు కుమారుడే 11వ లూయీ. 1475లో ఇంగ్లాండు రాజు 4వ ఎడ్వర్డు పెద్ద సేనతో వచ్చి దిగగా, సంధి మాటలకై లూయీ సోమ్ నదిపై పికిన్యీ వద్ద వంతెన కట్టించెను. నడుమ అడ్డముగా, సింహపు బోనువంటి బలమైన కొయ్యజాలము. సందులు మనుష్యుని చేయి దూరునంత మాత్రమే. తలుపు లేదు. మాంటెరోలో నడుమ చిన్న తలుపుండుటయే కొంప ముంచినదని లూయీ చెప్పెనట. వెంటనున్న కొమీన్ ఈ సంగతులన్నియు వ్రాసి యుంచినాడు. ఆంగ్లేయులు నలుగురు ఫ్రెంచివారి వైపునను, ఫ్రెంచివారు నలుగురు ఆంగ్లేయుల వైపునను నిలిచి జరుగునది కనిపెట్టిరి. రాజు కోరికపై కొమీన్ ఆనాడు రాజు దుస్తులవంటివే ధరించెను. తండ్రినాటి నెత్తురును లూయీ మరువలేదు.

ఆగస్టు 29న రాజులిద్దరు ఆ సందులగుండనే కౌగిలించుకొని, శిలువపై చేయుంచి ప్రమాణము చేసిరి. ప్రమాణము మాంటెరోలోను ఉండెను గదా! నా మట్టుకు, ఈ మారు ప్రాణములు కాచినది వడ్రంగి పనియే. లూయీ పరిహాసమునకు పారిసు రమ్మని పిలువగా, ఎడ్వర్డు నిజముగనే వచ్చునట్లు తోచి, ఆ రాత్రి పిలిచినందుకు నొచ్చుకొనెనట. రొక్కముగా 75,000 క్రౌనులు, ఏడేండ్ల సంధి కుదిరినవి. సెప్టెంబరులో ఆంగ్లేయ సేన సముద్రము దాటి పోయెను.